తాబేలుకు తెలిసిన వాసన

పాలు మాడిన వాసన వీధి చివరి దాకా పోయింది. పక్కింటివాళ్ళు ఏమైందోనని పరుగెత్తుకొచ్చారు. పొయ్యికి రెండడుగుల దూరంలో కూర్చుని చాటలో బియ్యం ఏరుతున్న నానీకి మాత్రం ఏమీ తెలియలేదు. అది 2021 వేసవి. కరోనా రెండో విడతలో ఆమెకు జ్వరం వచ్చి తగ్గింది. దగ్గు కూడా తగ్గింది. పోయిన వాసన మాత్రం తిరిగి రాలేదు.

నానీ అంటే మా పిల్లల అమ్మమ్మ. పిల్లలంతా అలా పిలుస్తుంటే మాకూ అదే అలవాటైంది. గబగబా గిన్నె దించి "మీకు వాసనే తగల్లేదా నానీ?" అని అడిగాం. ఆమె చాట పక్కన పెట్టి, "లేదయ్యా. ఈ ముక్కు ఇప్పుడు గోడకు కొట్టిన మేకులాంటిది. ఉందంటే ఉంది, అంతే" అంది.

ఆ ఏడాది రంజాన్ పండుగ మే 14న వచ్చింది. షీర్ ఖుర్మా ఆమే కలిపింది. చేతి అలవాటు కొద్దీ రుచి కుదిరింది గాని, గిన్నె మీద మూత తీసినప్పుడు ఆమె ముఖంలో ఏ కదలికా లేదు. దూదికి అత్తరు అద్ది మనవడు తెచ్చి ఇస్తే, చెవిలో పెట్టుకుంది. "ఏం వాసన నానీ?" అని వాడడిగితే "మంచిదే బేటా" అని ఊరుకుంది. మల్లెనో గులాబీనో చెప్పలేకపోయింది.

కన్ను పోతే లోకం జాలిపడుతుంది. చెవి పోతే గట్టిగా మాట్లాడుతుంది. వాసన పోతే ఎవరికీ తెలియదు. పోయినవాళ్ళకు మాత్రం అన్నం మట్టిలా, ఇల్లు అద్దె గదిలా తోస్తుంది. ఈ బాధ ఆ రెండేళ్ళలో ఎన్నో ఇళ్ళు చూశాయి. వాసన అనే దాని విలువ మాకు తెలిసింది అప్పుడే. దాని మర్మం కొంత తెలిసింది మాత్రం ఒక తాబేలు వల్ల.

బకెట్‌లో వచ్చిన చుట్టం

మార్కాపురం పలకల ఊరు. ఒకప్పుడు దేశంలో ఏ మూల బడిలో చూసినా పిల్లవాడి చేతిలో మన పలక ఉండేది. ఆ రాయి తవ్విన గుంటలు ఊరి చుట్టుపక్కల ఇప్పటికీ ఉన్నాయి. వానలు పడితే వాటిలో నీళ్ళు నిలుస్తాయి. 2021లో తొలి వానలు పడ్డాక ఒక సాయంత్రం మా పిల్లవాడు అలాంటి గుంట పక్క దారిలో నడుస్తున్న తాబేలును బకెట్‌లో వేసుకుని ఇంటికి తెచ్చాడు. బండ్ల కింద పడుతుందని భయపడ్డాడట.

పచ్చగోధుమ కలిసిన రంగు. డిప్ప నున్నగా, తోలు పరిచినట్లుగా ఉంది. పొట్ట వైపు వెనక కాళ్ళ దగ్గర తలుపు రెక్కల్లాంటి మెత్తని మడతలున్నాయి. కాళ్ళు లోపలికి లాక్కోగానే ఆ రెక్కలు మూసుకుంటున్నాయి. ముక్కు సన్నగా, ముందుకు పొడుచుకు వచ్చి, చిన్న గొట్టంలా ఉంది. మన చెరువుల్లో, కుంటల్లో, పంట కాలువల్లో, పాత బావుల్లో ఎక్కువగా కనిపించే నీటి తాబేలు ఇదే. శాస్త్రజ్ఞులు దీనిని లిస్సెమిస్ పంక్టాటా అంటారు. పూర్వం బావి నీళ్ళు శుభ్రంగా ఉంచుతుందని పల్లెల్లో దీన్ని తెచ్చి బావిలో వదిలేవారని పెద్దలు చెబుతారు.

పిల్లవాడు క్యాబేజీ ఆకు వేశాడు. ముట్టలేదు. నీళ్ళు బురదగా ఉన్నాయి. పైగా సందె చీకటి పడుతోంది. నానీ వంటింట్లోంచి చిన్న ఎండుచేప ముక్క తెచ్చి బకెట్‌లో ఒక వారగా జారవిడిచింది. తాబేలు మొహం అటు వైపు లేదు. చేప పడిన చప్పుడుకు ముందు డిప్పలోకి ముడుచుకుంది. కాసేపటికి మెడ బయటపెట్టింది. దాని గొంతు కింద చర్మం ఉబ్బుతూ తగ్గుతూ, ఉబ్బుతూ తగ్గుతూ ఉంది. పది పదిహేను సార్లు అలా ఆడించి, నెమ్మదిగా వెనక్కి తిరిగింది. బకెట్ అడుగున తడుముకుంటున్నట్లుగా పోయి, చేప ముక్క దగ్గర ఆగి, నోట కరుచుకుంది.

నానీ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "చూశారా! నీళ్ళలో మునిగి ఉండి కూడా దానికి వాసన తెలిసింది. గాలిలో ఉండి కూడా నాకు తెలియడం లేదు. అదెలాగ?"

ఆ ప్రశ్నకు వెంటనే మా దగ్గర జవాబు లేదు. తాబేలును ఆ రాత్రే నీళ్ళున్న కుంట దగ్గరకు తీసుకెళ్ళి ఒడ్డున వదిలేశాం. ప్రశ్న మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. దాని జవాబు కోసం చదివి తెలుసుకున్న సంగతులే ఇవి.

గొంతు ఆడించడంలో కిటుకు

మనం వాసన చూడాలంటే గాలి పీల్చాలి. నీళ్ళలో ముక్కుతో పీలిస్తే ఉక్కిరిబిక్కిరై పోతాం. తాబేలుకూ ఊపిరితిత్తులే ఉన్నాయి. చేపలా మొప్పలతో బతికే జీవి కాదది. అప్పుడప్పుడు ముక్కు గొట్టం నీటిపైకి పెట్టి గాలి తీసుకోవలసిందే. అలాంటప్పుడు నీటి అడుగున వాసన ఎలా పడుతుంది?

కిటుకు గొంతులో ఉంది. తాబేలు నోరు మూసుకుని, గొంతు అడుగు భాగాన్ని కొలిమి తిత్తిలా కిందికీ పైకీ ఆడిస్తుంది. కిందికి దింపినప్పుడు ముక్కు రంధ్రాల్లోంచి కొద్దిపాటి నీరు లోపలికి వస్తుంది. పైకి ఎత్తినప్పుడు అదే దారిన బయటికి పోతుంది. ఊపిరితిత్తుల దారి ఆ సమయంలో మూసి ఉంటుంది కాబట్టి చుక్క నీరు కూడా అటు పోదు. నీరు ముక్కు గదిలోంచి వచ్చిపోయేటప్పుడు అందులో కరిగి ఉన్న చేప వాసన, ఆకు వాసన, మరో తాబేలు వాసన లోపలి పొరలకు తగులుతాయి. మనం గులాబీని ముక్కు దగ్గర పెట్టుకుని ఎగబీల్చినట్లే అది నీటిని ఎగబీలుస్తుంది. బకెట్‌లో ఆ సాయంత్రం మేము చూసింది ఇదే. నేల మీద తిరిగే తాబేళ్ళు కూడా గొంతు ఆడిస్తూ వాసన చూస్తాయి. వాటి ముక్కులోకి పోయేది నీరు కాదు, గాలి. అంతే తేడా.

మన తెలుగులో 'పసిగట్టడం' అనే మాట ఉంది. 'పసి' అంటే వాసన. వాసన పట్టి ఆచూకీ తెలుసుకోవడమే పసిగట్టడం. ఇవాళ పత్రికల వాళ్ళు రాజకీయ రహస్యాలను పసిగడుతున్నారు గాని, ఆ మాటకు అసలైన వారసురాలు తాబేలే.

ఒకే ముక్కు, రెండు అంతస్తులు

పాము నాలుక బయటికి చాచి, గాలిలోని వాసనను నాలుక మీద తెచ్చుకుని, నోటి పైభాగాన ఉన్న ఒక ప్రత్యేక అవయవానికి అందిస్తుంది. ఉడుముదీ అదే తీరు. తాబేలు నాలుక ఆ పని చేయదు. దాని ఏర్పాటంతా ముక్కులోనే ఉంది. ముక్కు గది పై భాగంలో ఒక రకం పొర, కింది భాగంలో మరో రకం పొర ఉంటాయి. పై పొరకు ముఖ్యంగా గాలిలో తేలి వచ్చే వాసనలు తెలుస్తాయి. కింది పొరకు నీటిలో కరిగి వచ్చే వాసనలు తెలుస్తాయి. రెండింటి నుంచి వేర్వేరు నరాల తీగలు మెదడుకు పోతాయి. నేలకూ నీటికీ రెండింటికీ చెందిన జీవికి, ముక్కు కూడా రెండు అంతస్తుల మేడలా అమరింది.

2013లో శాస్త్రజ్ఞుల బృందం ఒకటి చైనా దేశపు మెత్తడిప్ప తాబేలు, సముద్రపు పచ్చ తాబేలు అనే రెండింటి జన్యువులను పూర్తిగా చదివింది. వాసనను గుర్తించే గ్రాహకాలకు సంబంధించిన జన్యువులు మెత్తడిప్ప తాబేలులో 1,137 చెక్కు చెదరకుండా ఉన్నాయని తేలింది. మనిషిలో అలాంటివి పనిచేసే స్థితిలో ఉన్నవి దాదాపు 400 మాత్రమే. వాసనకు పేరుపడ్డ కుక్కలో సుమారు 800. ఏనుగు మాత్రం సుమారు 2,000తో అందరికంటే ముందుంది. మన బకెట్‌లోకి వచ్చిన తాబేలు కూడా ఆ చైనా తాబేలు కుటుంబానికి చెందినదే. ఎవరైనా నెమ్మదస్తుణ్ణి చూసి 'తాబేలులా ఉన్నాడు' అని ఎగతాళి చేసేటప్పుడు ఈ లెక్క గుర్తు పెట్టుకోవడం మంచిది. నడకలో వెనకబడిన జీవి, ముక్కులో మనకంటే ఎంతో ముందుంది.

జన్యువుల సంఖ్య ఒక్కటే ప్రతిభకు కొలమానం కాదన్నది నిజమే. కాని బురద నీటిలో, రాత్రి చీకటిలో, బురద అడుగున బతికే జీవికి కన్ను ఎంత దూరం చూడగలదు? నత్త ఎక్కడుందో, కప్ప ఎక్కడుందో, చచ్చిన చేప ఎక్కడ పడి ఉందో ముక్కే చెప్పాలి. చచ్చినదాన్ని తిని నీటిని కుళ్ళకుండా చూసే పారిశుధ్య ఉద్యోగి ఇది. జీతం అడగని ఉద్యోగి.

కంభం చెరువు, కరువు నేల

మన పశ్చిమ ప్రాంతం వాన చుక్కకు ముఖం వాచిన నేల. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం, గిద్దలూరు, కంభం తాలూకాలు కర్నూలు జిల్లాలో ఉండేవి. జిల్లా పేరు మారినా నేల తీరు మారలేదు. ఒకవైపు నల్లమల, ఆ కొండల్లో పుట్టి ప్రవహించే గుండ్లకమ్మ, దాన్ని నమ్ముకున్న చెరువులు, కుంటలు. వాటన్నిటికీ పెద్దన్న కంభం చెరువు. విజయనగర కాలంలో రెండు కొండల మధ్య కట్ట వేసి గుండ్లకమ్మను ఆపి కట్టినది. గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందని జనం చెప్పుకుంటారు. నిండితే పొడవు దాదాపు 7 కిలోమీటర్లు, వెడల్పు మూడున్నర కిలోమీటర్లు. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ దీనికి ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తింపునిచ్చింది.

ఇలాంటి నేలలో నీటి తాబేలు బతుకు తేలిక కాదు. కుంట ఎండితే అది రెండు పనులు చేస్తుంది. బురద మెత్తగా ఉండగానే లోపలికి తవ్వుకుని, రెక్కలు మూసుకుని, నెలల తరబడి కదలకుండా వాన కోసం ఎదురుచూస్తుంది. లేదా మరో నీటి జాడ వెతుక్కుంటూ నేల మీద నడక మొదలుపెడుతుంది. పొలాల్లో, రోడ్ల మీద మనకు ఎదురయ్యేవి ఇలాంటి బాటసారులే. కరువు వచ్చినప్పుడు మూటముల్లె కట్టుకుని బేల్దారి పనికో, మిరప కోతలకో బయలుదేరే మన జనానికి ఈ ప్రయాణం కొత్తది కాదు.

ఎండు కొండ వాలుల్లో, ముళ్ళ పొదల్లో మరో జాతి ఉంది. డిప్ప మీద పసుపు రంగు చుక్కల గీతలు నక్షత్రాల్లా పరుచుకున్న నక్షత్ర తాబేలు అది. శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మం ఆలయంలో పెంచేవి ఇవే. ఇది నీటిది కాదు, మెట్ట జీవి. గడ్డి, ఆకులు, రాలిన పండ్లు తింటుంది. తినబోయే ముందు తల వంచి, ముక్కు ఆనించినంత పనిచేసి, వాసన చూసి గాని కొరకదు. జత కోసం వెతికే మగ తాబేలు ఆడదాన్ని గుర్తించేదీ ప్రధానంగా వాసనతోనే.

పుట్టిన ఒడ్డు వాసన

గుండ్లకమ్మ నల్లమలలో పుట్టి, మన చెరువును నింపి, మిగిలిన నీటిని బంగాళాఖాతంలో కలుపుతుంది. ఆ సముద్రంలో మరో చుట్టం ఉంది. దాని పేరు ఆలివ్ రిడ్లీ. ఏటా చలికాలం చివర, జనవరి నుంచి మార్చి దాకా, ఆంధ్ర తీరంలో రాత్రివేళ ఇసుక మీదికి వచ్చి, గొయ్యి తవ్వి, గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, మళ్ళీ సముద్రంలోకి వెళ్ళిపోతుంది. సుమారు 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు పైకి వస్తాయి. తల్లిని చూడకుండానే నీటి వైపు పరుగెడతాయి. కొన్ని తీరాలలో అటవీశాఖ వారు గుడ్లను సేకరించి కంచె వేసిన ఇసుకలో పొదిగించి, పిల్లలను సముద్రంలో వదులుతున్నారు.

ఏళ్ళ తర్వాత పెద్దవైన ఆడ తాబేళ్ళు వందల, వేల కిలోమీటర్లు తిరిగి, తాము పుట్టిన తీరం వైపే వచ్చి గుడ్లు పెడతాయి. దారి ఎవరు చెప్పారు? ఈ ప్రశ్నకు గత శతాబ్దంలో ఆర్చీ కార్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు వాసన వైపు వేలు చూపించాడు. పుట్టిన రోజున ఇసుకలో, నీటిలో తగిలిన వాసన బిడ్డ మనసులో ముద్ర పడుతుందేమోనన్నది ఆ ఆలోచన.

దాన్ని పరీక్షించే అవకాశం ఆలివ్ రిడ్లీకి దగ్గరి బంధువైన కెంప్స్ రిడ్లీ తాబేలు విషయంలో వచ్చింది. అది అంతరించిపోయే దశకు చేరితే, 1978 నుంచి 1988 వరకు మెక్సికోలోని రాంచో నువో తీరం గుడ్లను అమెరికాలోని పాడ్రే దీవి ఇసుకలో పొదిగించారు. పుట్టిన పిల్లలను ఆ దీవి ఒడ్డున కాసేపు నీటి వైపు పరుగెత్తనిచ్చి, మళ్ళీ పట్టుకుని తొట్లలో కొన్ని నెలలు పెంచి, తర్వాత సముద్రంలో వదిలారు. తొట్లలో ఉన్న కొన్ని పిల్లలకు 1984 నాటి ఒక ప్రయోగంలో పరీక్ష పెట్టారు. వేర్వేరు గదుల్లో వేర్వేరు తీరాల ఇసుక, నీరు కలిపి ఉంచితే, ఆ పిల్లలు పాడ్రే దీవి వాసన ఉన్న గదిలోనే ఎక్కువసేపు గడిపాయి. 1996లో ఆ విధంగా పెంచి వదిలిన తాబేళ్ళు పెద్దవై పాడ్రే దీవికి వచ్చి గుడ్లు పెట్టడం మొదలైంది.

ఇదంతా ఒక్క వాసన మహిమేనని అనుకోకూడదు. భూమికి ఉన్న అయస్కాంత బలం ఒక్కో తీరంలో ఒక్కో తీరుగా ఉంటుంది. తాబేళ్ళు దాన్ని కూడా గుర్తుంచుకుంటాయని తర్వాతి పరిశోధనలు బలంగా చూపించాయి. నడిసముద్రంలో దారి చూపేది ప్రధానంగా అయస్కాంతమనీ, ఒడ్డుకు దగ్గరపడ్డాక వాసన తోడ్పడవచ్చుననీ ఇప్పటి అభిప్రాయం. మనం మాత్రం అంతేకదా! హైదరాబాదు నుంచి వచ్చే బస్సు ఊరికి దారి చూపుతుంది. ఊరు వచ్చిందని చెప్పేది మాత్రం కిటికీలోంచి తగిలే మట్టి వాసనే.

ముక్కే మోసపోతే

సముద్రపు నాచుతెట్టు, చిన్న జీవులు ఎక్కువగా ఉన్నచోట నీటిలోంచి డైమిథైల్ సల్ఫైడ్ అనే వాయువు గాలిలోకి లేస్తుంది. అది ఉన్నచోట చేప ఉంటుంది, ఆహారం ఉంటుంది. లాగర్‌హెడ్ అనే సముద్ర తాబేళ్ళ మీద 2012లో ప్రచురించిన ప్రయోగంలో, ఈ వాసన కలిసిన గాలి వదిలినప్పుడు అవి ముక్కు నీటిపైన పెట్టి ఎక్కువసేపు వాసన చూశాయి. అంటే దూరాన ఉన్న వంటిల్లు వాటికి గాలిలోనే తెలుస్తుంది.

ఇక్కడే మన తప్పు బయటపడుతుంది. 2020లో మరో ప్రయోగం చేశారు. 15 లాగర్‌హెడ్ పిల్ల తాబేళ్ళకు నాలుగు రకాల వాసనలు చూపించారు. ఒకటి వాటి ఆహారం. రెండోది మంచినీరు. మూడోది శుభ్రమైన ప్లాస్టిక్. నాలుగోది సముద్రంలో నాని, పాకుడు పట్టిన ప్లాస్టిక్. మంచినీటినీ శుభ్రమైన ప్లాస్టిక్‌నూ అవి పట్టించుకోలేదు. పాకుడు పట్టిన ప్లాస్టిక్ వాసనకు మాత్రం ఆహారానికి స్పందించినట్లే స్పందించాయి. మామూలు కంటే మూడింతలకు పైగా సమయం ముక్కు నీటిపైన ఉంచాయి.

ప్లాస్టిక్ సంచి నీటిలో తేలుతుంటే తాబేలు దాన్ని జెల్లీచేప అనుకుని మింగుతుందని ఇన్నాళ్ళూ చెప్పుకునేవాళ్ళం. తప్పు కంటిది అనుకున్నాం. ముక్కు కూడా మోసపోతోందని ఇప్పుడు తెలిసింది. కోట్ల ఏళ్ళుగా అబద్ధం చెప్పని వాసనకు మనం అబద్ధం నేర్పాం.

సముద్రం మనకు దూరం కదా, మార్కాపురం వాళ్ళకేం సంబంధం అనవచ్చు. వరద వచ్చినప్పుడు వాగులో కొట్టుకుపోయే సంచి ఎక్కడ ఆగుతుంది? కొంత చెరువులో ఆగుతుంది. కొంత గుండ్లకమ్మ వెంట సముద్రానికి పోతుంది. వలీమా విందు మర్నాడు మాంసం మరకలతో, అన్నం మెతుకులతో వాగు పక్కన పారేసిన క్యారీబ్యాగులు మనం చూడనివి కావు. మనకది చెత్త. ముక్కుతో బతికే జీవికి అది భోజనానికి పిలుపు.

ఆ ముక్కునే ఎరగా వాడే మనుషులూ ఉన్నారు. గాలానికి మాంసం ముక్కో చేప పేగులో గుచ్చి నీటిలో వదిలితే, తాబేలు వాసన పట్టుకుని తానే వచ్చి తగులుకుంటుంది. దాని ప్రాణం నిలబెట్టిన తెలివే దాని ప్రాణం తీస్తుంది. నక్షత్ర తాబేళ్ళనైతే గోనెసంచుల్లో, సూట్‌కేసుల్లో కుక్కి, విదేశాలలో పెంపకానికి అమ్ముతారు. అందుకే 2019లో అంతర్జాతీయ వన్యప్రాణి వర్తక ఒప్పందం నక్షత్ర తాబేలును అత్యంత కట్టుదిట్టమైన మొదటి అనుబంధంలో చేర్చింది. దక్షిణాది నదుల్లో ఉండే లీత్ మెత్తడిప్ప తాబేలును 2022లో అదే జాబితాలోకి మార్చారు.

మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. 2022లో దాన్ని సవరించారు. చెరువు తాబేలు, నక్షత్ర తాబేలు, ఆలివ్ రిడ్లీ మూడూ మొదటి షెడ్యూలులో ఉన్నాయి. వాటిని పట్టడం, చంపడం, అమ్మడం, ఇంట్లో పెంచడం అన్నీ నేరాలే. శిక్ష మూడేళ్ళకు తక్కువ కాకుండా ఏడేళ్ళ దాకా జైలు, 25,000 రూపాయలకు తగ్గని జరిమానా. ఇంట్లో తాబేలు ఉంటే కలిసి వస్తుందని కొనేవారు ఈ సంగతి తెలుసుకోవాలి. పిల్లలు తెలియక తెస్తే కొట్టకండి, తిట్టకండి. తెచ్చిన చోటికి దగ్గరలో ఉన్న నీటి దగ్గరే వెంటనే వదిలిపెట్టించండి. గాయపడి ఉంటే అటవీశాఖ వారికి కబురు చేయండి. రోడ్డు దాటుతున్నదాన్ని చూస్తే, అది ఏ వైపు వెళుతోందో ఆ వైపే దాటించి వదలండి. వెనక్కి తిప్పితే అది మళ్ళీ అదే రోడ్డెక్కుతుంది. నక్షత్ర తాబేలును మాత్రం జాలిపడి నీళ్ళలో వేయకండి. అది ఈదే జీవి కాదు, మునిగిపోతుంది.

నానీ సాధన

ఇక నానీ ప్రశ్నలో రెండో సగం మిగిలింది. తనకు వాసన ఎందుకు పోయినట్లు?

మన ముక్కు పైకప్పులో వాసన నరాల కణాలుంటాయి. వాటిని ఆనుకుని, వాటికి అన్నం నీళ్ళు చూసే సహాయక కణాలుంటాయి. కరోనా క్రిమి ప్రధానంగా దెబ్బతీసేది ఈ సహాయకులను. పనివాళ్ళు పడకేస్తే ఇల్లు స్తంభించినట్లు వాసన నిలిచిపోతుంది. చాలామందికి కొన్ని వారాల్లో తిరిగి వస్తుంది. కొందరికి నెలలు పడుతుంది. కొందరికి వంకరగా వస్తుంది. ఉల్లిపాయ కుళ్ళినట్లూ కాఫీ కిరోసిన్‌లాగానూ తోస్తుంది. కొందరికి పూర్తిగా రాదు.

దీనికి డాక్టర్లు చెప్పే సాధన ఒకటుంది. ఖర్చు లేనిది. జర్మనీలో 2009లో ప్రచురించిన పరిశోధనలో గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి తైలం అనే నాలుగు వాసనలను రోజుకు రెండు పూటలా, 12 వారాల పాటు శ్రద్ధగా చూపించారు. అలా చేసినవారిలో వాసన శక్తి కొంత మెరుగుపడింది. ఊరికే ముక్కు దగ్గర పెట్టుకోవడం కాదు. ఆ వాసన ఒకప్పుడు ఎలా ఉండేదో మనసులో తలచుకుంటూ, కొద్దికొద్దిగా ఎగబీల్చాలి. వాసన చాలా రోజులుగా రాకపోతే, ఒక్క వైపు ముక్కుకే పోతే, ముందుగా చెవి ముక్కు గొంతు డాక్టరును కలవాలి. వాసన తెలియనివాళ్ళున్న ఇంట్లో గ్యాసు పొయ్యి విషయం ఇంటిల్లిపాదీ చూసుకోవాలి. పాలు మాడితే గిన్నె పోతుంది. గ్యాసు లీకైతే ప్రాణాలు పోతాయి.

నానీకి నాలుగు సీసాలు సర్దిపెట్టాం. అత్తరు చుక్క వేసిన దూది ఒకటి, నిమ్మ తొక్క ఒకటి, దంచిన లవంగం ఒకటి, నీలగిరి తైలం ఒకటి. పొద్దునా సాయంత్రమూ మనవడు పక్కన కూర్చునేవాడు. మొదటి నెల ఏమీ లేదు. "గొంతు ఆడించు నానీ, తాబేలులాగా" అని వాడు నవ్వించేవాడు. ఆమె నిజంగానే బుగ్గలు పూరించి ఊదేది. మూడో నెలలో ఒక పొద్దున లవంగం సీసా దగ్గర ఆగిపోయింది. "ఇది... ఇది పులావు గిన్నె" అంది. అంతే చెప్పగలిగింది. అదే చాలనిపించింది.

నానీకి వాసన పూర్తిగా తిరిగి రాలేదు. నిమ్మ ఇప్పటికీ తెలియదు. అత్తరు ఒకరోజు తెలుస్తుంది, ఒకరోజు తెలియదు. లవంగం మాత్రం నిలిచింది. వంట చేసేటప్పుడు పక్కన ఒకరు ఉండటం మా ఇంట్లో నియమమైంది. ఆ ఒకరు ఎక్కువగా మనవడే.

వాడు ఇప్పుడు తాబేలు కనిపిస్తే ఇంటికి తేడు. వాగు దగ్గర సంచులు కనిపిస్తే మాత్రం ఏరి తెస్తాడు. పక్క వీధి పిల్లలు నవ్వితే నానీ గుమ్మంలోంచి కేకేసి చెబుతుంది: "నవ్వకండిరా! వాసన పోవడమంటే ఏమిటో నన్నడగండి. నాకు అత్తరు తెలియక పోయింది. దానికి ఏది తిండో, ఏది విషమో తెలియకుండా పోతోంది."